నీళ్లకు చెప్పని కల

నవంబర్ 4

నాకు కోపం లేదు. ముందే ఆ మాట రాసి పెట్టుకుంటే మిగతాది రాయడం సులువు.

పొద్దున చన్నప్ప షాపుకొచ్చాడు. ఖేడ్‌లో ఏ సన్మానం జరిగినా కమిటీకి పెద్ద చన్నప్పే, ఫ్లెక్సీ కొట్టించేది మా దగ్గరే. కుర్చీ లాక్కుని కూర్చుని ఫోను నా ముఖం ముందు పెట్టాడు.

"గీయిన్ని గుర్తువట్టినవా శివగంగా?"

గుర్తుపట్టకపోవడమా! గడ్డం పెంచాడు, మెడలో పూసలు వేశాడు, అంతే. మా వీధి చివర పిండిగిర్నీ వాళ్ల సంగమేశ్వర్. నేనూ వాడూ ఒకే బస్సెక్కి హైదరాబాదు పోయి, ఒకే కాలేజీలో బొమ్మలు నేర్చుకున్నాం. నేను మధ్యలో వచ్చేశాను. వాడు రాలేదు.

"మనూరి పోరడు ఢిల్లీల, ముంబైల ఎగ్జిబిషన్లు పెట్టిండట. ఫారిన్ల సుత పెట్టిండట. వచ్చే నెల సన్మానం చేస్తున్నం. బస్టాండు కాడ పెద్ద ఫ్లెక్సీ గావాలె. చూడు మల్ల, నా తలకాయ ఆయన తలకాయ కంటె చిన్నగుండొద్దు."

"సమానంగ పెట్టాల్నా?"

"జర పెద్దగుంటె ఏమైతది?"

ఫోనులో వాడి ఇంటర్వ్యూ నడుస్తూనే ఉంది. వాడి వెనక గోడకు ఆ బొమ్మ. 'కందుల తల్లి.' వాడికి పేరు తెచ్చిన బొమ్మ అదే. మార్కెట్ యార్డులో బస్తాలు తూచే కాంటా మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంటుంది. కాంటా ముల్లు కదలదు. ముఖం ఉండాల్సిన చోట బోర్లించిన ఇత్తడి చెంబు. కొంగులోంచి కందులు కింద రాలవు, పైకి పోతాయి, మొగులు దాకా పోతాయి.

"అది నాకు చదువుకునే రోజుల్లో వచ్చిన కల. మా అమ్మ మీది ప్రేమ అలా కలగా వచ్చింది," అంటున్నాడు. చెంబు ఎందుకని అడిగితే "ఖాళీతనానికి గుర్తు" అన్నాడు.

వాళ్లమ్మ నిక్షేపంగా ఉంది. ఇప్పుడు కూడా గిర్నీ ముందు కూర్చుని వచ్చేపోయేవాళ్లను తిడుతూ ఉంటుంది.

ఆ కల నాది. కాంటా మీద కూర్చున్నది మా అమ్మ.

చన్నప్ప చెప్పిన సైజు రాసుకుని పంపించాను. నాకు కోపం లేదు.

నవంబర్ 5

నిన్న రాసింది చదువుకున్నాను. పెన్ను కాగితాన్ని చింపేసింది రెండు చోట్ల.

నవంబర్ 7

అమ్మకు ఒక పట్టింపు ఉండేది. కల వస్తే లేవగానే నీళ్లకు చెప్పాలి. ఇత్తడి చెంబులో నీళ్లు పట్టి, మూతి దగ్గర పెట్టుకుని, కలంతా చెప్పి, ఆ నీళ్లను చెట్టు మొదట్లో పోయాలి. ఆ తర్వాతే మనిషికి చెప్పాలి. నీళ్లకు ముందు మనిషికి చెబితే ఆ కల వాళ్లదైపోతుందని అమ్మ నమ్మకం. మా ఇంట్లో అందరం నవ్వేవాళ్లం. అమ్మ పట్టించుకునేది కాదు. పొద్దున్నే దానిమ్మ చెట్టు దగ్గర నిలబడి చెంబుతో గుసగుసలాడేది, సరిహద్దు అవతలి పుట్టింటి భాష కన్నడంలో. నీళ్లకు తెలుగు రాదనేది.

హాస్టల్లో నల్లా దగ్గర వరసలో నిలబడి కొట్లాడి బకెట్ నింపుకోవాలి, ఇంక నీళ్లతో ముచ్చట్లెక్కడివి! క్యాంటీన్‌లో సంగమేశ్వర్‌కు చెప్పేదాన్ని. వాడు చాయి చల్లారబెట్టుకుని వినేవాడు. ఎవరైనా అంత శ్రద్ధగా వింటే ఎవరికి బాగుండదు?

మాకు కళల చరిత్ర సొలొమోను సార్ చెప్పేవాడు. ఆయన పద్ధతి వేరే. ఉద్యమాలన్నిటినీ ఒక ఇంట్లో అన్నదమ్ముల్లా చెప్పేవాడు. పెద్దవాళ్లు వస్తువును వదిలేసి దాని మీద పడే వెలుగును గీశారట. తర్వాతివాళ్లు వస్తువును ముక్కలు చేసి ముందూ వెనకా ఒకేసారి చూపించారట. ఇంతలో యుద్ధం వచ్చి లక్షల మంది చచ్చిపోతే, ఇంత తెలివీ ఇందుకేనా అని బొమ్మనూ తెలివినీ కలిపి వెక్కిరించినవాళ్లు డాడా వాళ్లు. ఆ వెక్కిరింత అయిపోయాక అందులో కొందరు కళ్లు మూసుకున్నారు, అదే సర్రియలిజం. అధివాస్తవికత అని బోర్డు మీద రాసి, "నోరు తిరగకపోతే కల అనుకోండి" అనేవాడు. వాళ్ల తర్వాత వచ్చినవాళ్లు వస్తువునే తీసేసి వట్టి రంగులు చల్లారు. ఇంత వరసలోనూ నిద్రను నమ్ముకున్నది వీళ్లొక్కరేనని సార్‌కు వాళ్లంటే ముద్దు.

ఇంకో మాట కూడా అన్నాడు. ఆ గుంపులో మగవాళ్లు ఆడవాళ్లను కలల దేవతలని పొగిడారు, బొమ్మల్లో కూర్చోబెట్టారు, కింద సంతకం మాత్రం తాము పెట్టుకున్నారు. ఆ రోజు సంగమేశ్వర్ నా పక్కనే కూర్చుని అది కూడా రాసుకున్నాడు.

అమ్మ పోయిన మూడో రోజు ఆ కల వచ్చింది. దవాఖానలో చివరిసారి తూచినప్పుడు అమ్మ ఒక కందుల బస్తా అంత కూడా లేదు. నాన్నకు యార్డులో అడ్తి దుకాణం, రైతుల పంట తూచి అమ్మిపెట్టేది, ఉండేది కాబట్టి నాకు బస్తా బరువు తెలుసు. కర్మలయ్యాక హైదరాబాదు పోయే బస్సులో, ఇంకా ఏ నీళ్లకూ చెప్పకముందే, పక్క సీట్లో ఉన్న సంగమేశ్వర్‌కు చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

ఆ నెలలోనే నేను చదువు మానేశాను, ఇరవై ఏళ్లయింది. ఏడాది తిరక్కముందే 'కందుల తల్లి' పేపర్లో చూశాను.

నవంబర్ 8

రుక్కమ్మ వచ్చింది, బోరంచ ఊరి నుంచి. మల్లప్ప భార్య. మల్లప్ప మేకల బేరగాడు, కల్హేర్ అంగడిలో ఆయన తెలియనివాడు లేడు. పోయినేడు పోయాడు. కొడుకులు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మా దగ్గరే చేయించారు.

ఆ ఫ్లెక్సీ సంగతి ఊరందరికీ ఎరుకే. ఆయనకు మంచి ఫోటో లేదు, రుమాలు చుట్టుకుని దండం పెడుతున్నది ఒక్కటే ఉంది. కొడుకులు కోటు తొడగమన్నారు. తొడిగాను. బాపుకు ప్రాణమైన నల్లమేకను పక్కన పెట్టమన్నారు, చెవి మీద తెల్లమచ్చ తప్పకుండా కనబడాలన్నారు. ఆయన మేకలేసుకుని తిరిగిన బండిని కూడా స్వర్గానికి పంపమంటే దానికి రెక్కలు పెట్టి మబ్బుల్లో నిలబెట్టాను. అంతా బాగానే ఉంది కానీ, నెట్‌లో దొరికిన కోటు బొమ్మకు ఉన్న చేతులను తీసేయడం మరచిపోయాను. మల్లప్పకు దండం పెట్టే చేతులు రెండు, కోటు జేబుల పక్కన వేలాడే చేతులు రెండు. బస్టాండు దగ్గర కట్టాకగానీ ఎవరూ చూసుకోలేదు. నేను సిగ్గుతో చచ్చిపోయి మళ్లీ కొట్టిస్తానంటే కొడుకులు వద్దన్నారు, "ఉండనియ్ అక్కా, బాపు దేవుడైండు" అన్నారు. అప్పటి నుంచి ఆయన నాలుగు చేతుల మల్లప్ప.

"ఎలిసిపోయింది బిడ్డా," అంది రుక్కమ్మ. "మేకల కొట్టం మీద గప్పిన. వానకు మొకం మొత్తం పోయింది. చేతులే మిగిలినయ్. ఇంకోటి కొట్టియ్యి."

బస్వరాజ్ మిషన్ దగ్గర్నుంచి తల తిప్పి, "ఈసారి రెండు చేతులు తీసేయాల్నా అవ్వా?" అన్నాడు. మా ఆయనకు అన్నీ వేళాకోళమే.

"ఎందుకు తీస్తవ్? ఉన్నన్ని దినాలు రెండు చేతులతోని మస్తు కష్టపడ్డడు. ఉండనియ్."

మిషన్‌లో రంగు అయిపోయింది, వచ్చే వారం రమ్మన్నాం.

నవంబర్ 10

వాడు వచ్చాడు.

చన్నప్ప తీసుకొచ్చి దింపి వెళ్లాడు. షాపంతా కలయజూసి, "శివా, నువ్వు ఇలా... ఫ్లెక్సీలు..." అన్నాడు. హైదరాబాదు భాష. "నీ చెయ్యి ఎంత గొప్ప చెయ్యి!" అని జాలిపడ్డాడు. బస్వరాజ్ చాయి తెప్పించి, "మీరు మాట్లాడుకోన్రి" అని ఫ్లెక్సీ కట్టే చోటు చూడ్డానికి పోయాడు.

వాడు చాయి చల్లారబెట్టుకున్నాడు. క్యాంటీన్‌లో చేసినట్టే.

వాడికి ఒక అవకాశం ఇచ్చాను. ఇచ్చానని ఇక్కడ రాసి పెడుతున్నాను. "కందుల తల్లి ఎవరు సంగూ?" అని మెల్లగా అడిగాను.

వాడు చిరునవ్వు నవ్వాడు. "కాలేజీలో ఎన్నో మాట్లాడుకునేవాళ్లం. ఎవరి కల ఎవరిదో ఎలా చెబుతాం? కలకు పట్టా పాసుబుక్కు ఉంటుందా శివా?"

ఒక్క మాట చాలు కదా. 'మీ అమ్మ' అంటే చాలు. నేనేమీ పేపర్లో వేయమనలేదు, మైకులో చెప్పమనలేదు. ఈ షాపులో, ఈ చాయి ముందు, నాకొక్కదానికి చెబితే చాలు. చెప్పలేదు.

తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు. సన్మానం రోజు ఊరికి ఒక కొత్త బొమ్మ చూపించాలట. హైదరాబాదు నుంచి సుహాసిని అని గ్యాలరీ ఆవిడ వస్తుందట, బొమ్మలు ఎంచి బయటి దేశాలకు పంపేది ఆవిడేనట. రెండేళ్లుగా తనకు ఏమీ తోచడం లేదట. "నీకిప్పుడు ఏం కలలొస్తున్నాయి శివా?" అన్నాడు, గొంతు తగ్గించి, మందు సీసా అడిగినట్టు.

నా ఎదురుగా కంప్యూటర్ ఉంది. రుక్కమ్మ కోసం తెరిచిన మల్లప్ప అందులో అలాగే ఉన్నాడు. వాడికి తెర వెనక వైపు కనబడుతోంది.

"ఒకటి వస్తున్నది," అన్నాను. "మల్ల మల్ల అదే వస్తున్నది. భయమైతది చెప్పాలంటె."

"చెప్పు, చెప్పు."

"ఒక ముసలాయన. కోటు తొడుక్కున్నడు, తలకేమో రుమాలు. చేతులు నాలుగు. రెండిటితోని దండం పెడ్తుండు. రెండు ఊకెనే ఏలాడుతున్నయ్, చచ్చిపోయినట్టు."

వాడి కళ్లు పెద్దవయ్యాయి. తెర మీద ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటూ పోయాను. మేక, చెవి మీద మచ్చ, మబ్బుల్లో రెక్కల బండి. మధ్యలో ఆగి కళ్లు తుడుచుకున్నాను కూడా. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు, బస్సులో పట్టుకున్నట్టే.

పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "ఎవరికీ చెప్పలేదు కదా?" అన్నాడు.

"నీకే ముందు," అన్నాను.

నవంబర్ 11

ఈరోజు రెండు గ్లాసుల మజ్జిగ ఎక్కువ తాగాను. ఎంత బాగుందో!

నవంబర్ 14

ఫోను చేశాడు. వేలాడే చేతుల వేళ్లు ముడుచుకుని ఉన్నాయా, తెరుచుకుని ఉన్నాయా అని. "ఉండు, కండ్లు మూస్కొని చూస్త" అని చెప్పి ఫైలు తెరిచి పెద్దది చేసి చూశాను. "కుడిచెయ్యి ముడుచుకున్నది. ఎడమ చేతికి ఉంగరం." "ఉంగరం!" అన్నాడు వాడు, ఊపిరి బిగబట్టి. కోటు బొమ్మ ఎక్కడిదో, ఎవడి ఉంగరమో, నాకూ తెలీదు.

నవంబర్ 19

మళ్లీ ఫోను. మేక ఏ వైపు చూస్తోంది?

నవంబర్ 20

మేక వెనక మబ్బు తెలుపా, బూడిదా?

బస్వరాజ్ అడిగాడు, "ఎవలు శివా, దినాం ఫోను?" సంగమేశ్వర్ అని చెప్పాను. నా కలలు అడుగుతున్నాడన్నాను. "నీకు కలలెక్కడివే, పండుకుంటె గుర్రు తప్ప," అని నవ్వాడు. నిజమే. అమ్మ కల తర్వాత నాకు కలలు రావడం ఆగిపోయింది. ఆ సంగతి ఆయనకు తెలీదు, నవ్వనీ.

నవంబర్ 26

రుక్కమ్మ రెండుసార్లు వచ్చి పోయింది. మిషన్ బాగాలేదని చెప్పి పంపాను. మిషన్ బాగానే ఉంది. ఇప్పుడు కొత్త ఫ్లెక్సీ కడితే సంగమేశ్వర్ చూస్తాడేమోనని. ఇంకొన్ని రోజులు ఓపిక పట్టు రుక్కమ్మా. నీకు ఊరికే కొట్టిస్తాను, పెద్దది కొట్టిస్తాను.

డిసెంబర్ 3

సన్మానం ఫ్లెక్సీ పని. పైన నాయకుల తలలు వరసగా, వాళ్ల కింద చన్నప్ప, చన్నప్ప కన్నా ఒక వేలెడు చిన్నగా సంగమేశ్వర్. వాడి వెనక పులిని పెట్టమన్నారు కమిటీవాళ్లు. పులి, గులాబీలు, పావురాలు, దేశం జెండా, వాడి గడ్డం. దేని పక్కన ఏది ఉందో చూస్తే సొలొమోను సార్ గుర్తొచ్చాడు. సంబంధం లేనివి పక్కపక్కన పెడితే మనసు ఉలిక్కిపడుతుందని ఆయన గంటసేపు చెప్పిన పాఠం నేను రోజుకు నాలుగుసార్లు చేస్తున్నాను, ఎవరూ ఉలిక్కిపడటం లేదు.

వాడి ముక్కు కొద్దిగా సాగదీసి చూశాను. మళ్లీ సరిచేశాను. చిన్న కక్షలకు ఆశపడి పెద్దది చెడగొట్టుకోకూడదు.

డిసెంబర్ 8

నాకు కోపం లేదు. కోపం ఉన్నవాళ్ల పెన్ను కాగితాన్ని చింపుతుంది. ఈరోజు నాది చింపలేదు.

డిసెంబర్ 14

వరసగా రాయాలి, ఒక్కటీ వదలకుండా.

ఫంక్షన్ హాలు నిండిపోయింది. శాలువాలు కప్పారు, దండలు వేశారు, చన్నప్ప చాలాసేపు మాట్లాడి సంగమేశ్వర్‌ను రెండుసార్లు బసవేశ్వర్ అన్నాడు. సుహాసిని చేనేత చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. నేను రెండో వరసలో. వాడు నన్ను చూసి తల ఊపాడు, చల్లగా, దొరలాగా.

'ఇది నాకొచ్చిన కల' అని వాడు మైకులో చెప్పాక పరదా తీశారు.

నిలువెత్తు బొమ్మ. గీయడం మాత్రం వచ్చు వాడికి, అబద్ధమెందుకు. కోటు ముడతలు, రుమాలు మడతలు, వేలాడే చేతి ఉంగరం మీద మెరుపు. మేక కళ్లల్లో తడి. కింద సంతకం.

వెనక నుంచి ఎవరో అన్నారు, "అరే! గీయిన నాలుగు చేతుల మల్లప్ప గదరా!"

ఇంక ఆగలేదు. "మేక సుత గదే, చెవు మీద మచ్చ సూడుర్రి!" "బండి సుత గట్లనే మొగులెక్కింది!" "బస్టాండు కాడ ఏలాడిన ఫ్లెక్సీ గదా గిది! గీయిన కల అంటడేంది?" హాలంతా ఒకటే నవ్వు. పిల్లలు బెంచీలెక్కారు. చన్నప్ప ఏమీ అర్థంకాక చప్పట్లు కొడుతున్నాడు. సంగమేశ్వర్ నా వైపు చూశాడు. నేను కదలకుండా కూర్చున్నాను. వాడి మెడలో దండలు ఎగిరి ఎగిరి పడుతున్నాయి, ఊపిరికి. ఇరవై ఏళ్లలో అంత సంతోషం నాకు ఎప్పుడూ లేదు.

అయితే వాడు ఊరికే అంతవాడు కాలేదు. మైకు అందుకున్నాడు.

"మీరంతా గుర్తుపట్టారు. నాకు కావలసింది అదే!" అన్నాడు. "సర్రియలిజం ఎక్కడో పారిస్‌లో వందేళ్ల కింద పుట్టింది అంటారు. కాదు. అది మన ఖేడ్ బస్టాండులో రోజూ గాలికి ఊగుతోంది. మనిషికి నాలుగు చేతులు, బండికి రెక్కలు, ఎవరు ఊహించారు? మీరు! అందుకే తెచ్చి మీ ముందు పెట్టాను. ఈ బొమ్మ నాది కాదు. మీది. ఈ ఊరిది!"

ఒకటే చప్పట్లు. సుహాసిని కళ్లు తుడుచుకుంది. నాలుగు చేతులు నా పొరపాటు, అది కూడా వాడికి పనికొచ్చింది. ఏం ఇచ్చినా తింటాడు, ఏం పెట్టినా అరిగించుకుంటాడు.

అప్పుడు లేచింది రుక్కమ్మ. ఎక్కడ కూర్చుందో నేను చూడనేలేదు. కొడుకుల వెంట మెల్లగా నడుచుకుంటూ వేదిక ఎక్కి, బొమ్మ ముందు నిలబడి చాలాసేపు చూసింది. నవ్వులు ఆగిపోయాయి.

"నాయినా, మాదే అన్నవ్ గద?"

"అవునమ్మా. మీ అందరిదీ."

"అందర్ది ఎట్లైతది? మొగడు నాకొక్కదానికే గద."

హాలు మళ్లీ నవ్వుతో పేలిపోయింది. రుక్కమ్మ నవ్వలేదు. "ఫ్లెక్సీ ఎలిసిపోయింది నాయినా. ఇంకోటి కొట్టియ్యుమని తిరిగి తిరిగి యాష్టకొచ్చిన. గిది రంగు మంచిగున్నది. దించియ్యి, ఇంటికి తీస్కపోత."

వాడు నవ్వబోయాడు. మైకులో అన్న మాట ఇంకా హాల్లో తిరుగుతోంది, ఎలా వెనక్కి తీసుకుంటాడు? చన్నప్ప ఉత్సాహంగా, "ఇయ్యుర్రి, ఇయ్యుర్రి, మనూరి ఆడిబిడ్డ!" అన్నాడు. రుక్కమ్మ కొంగు ముడి విప్పి కుంకుమ తీసి మల్లప్ప నుదుట పెట్టింది, కొత్త రంగు మీద. సుహాసిని కెవ్వున అరిచింది. కొడుకులిద్దరూ బొమ్మను ఎత్తుకుని దిగిపోయారు. ఆటోలో పట్టక మల్లప్ప సగం బయటికి, దండం పెట్టుకుంటూ బోరంచ పోయాడు.

బస్వరాజ్ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. నేను నవ్వలేదు. రుక్కమ్మ అడిగింది, తీసుకుపోయింది. ఎంత సులువుగా అడిగింది!

డిసెంబర్ 15

వస్తాడని తెలుసు. బస్వరాజ్ కల్హేర్‌లో ఫ్లెక్సీలు కట్టించడానికి పోయాడు. సంగమేశ్వర్ చెప్పులతోనే లోపలికొచ్చాడు. కోపానికి హైదరాబాదు భాష ఊడిపోయి మా వీధి భాష బయటపడింది.

"ఎందుకు జేసినవే గట్ల?"

"నేనేం జేసిన? కల అడిగితివి, చెప్తిని. కలకు పట్టా పాసుబుక్కు ఉంటదా?"

"అది కల గాదు. అబద్ధం!"

"నీకెట్ల ఎర్కైంది?"

"ఊరంత నవ్వింది గద!"

"ఊరు నవ్వకముందు చెప్పు. నెల దినాలు దాని ముందు కూసున్నవ్. ఏలు ఏలు గీసినవ్. ఒక్కపారన్న అబద్ధమనిపియ్యలేదా నీకు?"

చన్నప్ప కూర్చునే కుర్చీలో కూలబడ్డాడు. నేను కావాలని చాయి తెప్పించలేదు. తల ఎత్తాడు. గిర్నీ దగ్గర పిండి కొట్టుకుని తిరిగినప్పటి ముఖం.

"ఒక్కటడుగుత శివా. నీ కాళ్లు మొక్కుత, నిజం చెప్పు."

"అడుగు."

"కందుల తల్లి. బస్సుల నువ్వు చెప్పిన కల... అదన్న నిజంగ వచ్చిందేనా?"

చెప్పేశాడు. 'నువ్వు చెప్పిన కల' అనేశాడు. ఇరవై ఏళ్లు నేను దేనికోసం పళ్లు నూరుకున్నానో అది వాడి నోటి నుంచి వచ్చింది, అడుక్కునేవాడి గొంతుతో. నేను అవునంటే అయిపోయేది. మా అమ్మేరా అంటే అయిపోయేది. వాడు ఏడ్చేవాడేమో, నేనూ ఏడ్చేదాన్నేమో.

అవునంటే వాడు గండం గడిచి బయటపడతాడు కదా. వాడికి ఒక నిజమైన బొమ్మ మిగులుతుంది కదా. ఎందుకు మిగలాలి?

"లేదు," అన్నాను. "అది సుత చూసిందే. నాగల్‌గిద్ద జాతరకు అవతలి నుంచి కన్నడ నాటకమోళ్లు వచ్చిన్రు, నా చిన్నప్పుడు. వాళ్ల పరదా మీద ఉండె గా బొమ్మ. కాంటా, చెంబు, కందులు, అన్ని."

"ఏ కంపెనీ?"

"పేరు యాది లేదు. ఊరూరు తిరిగెటోళ్లు. మస్తు మంది చూసుంటరు."

వాడి ముఖంలో రక్తం దిగిపోవడం నేను కళ్లారా చూశాను. ఏ ఊళ్లో, ఏ ఎగ్జిబిషన్‌లో, ఎవడు లేచి 'అరే, గిది గా పరదా గదా' అంటాడో అని బతికినన్నాళ్లూ వినాలి వాడు. ప్రతి గుంపులో వెనక వరస వైపు చూసుకోవాలి. లేచి పోయేటప్పుడు గుమ్మం తగిలి పడబోయాడు.

మధ్యాహ్నం కడుపునిండా తిన్నాను. కక్ష తీరింది.

డిసెంబర్ 16

తీరింది.

డిసెంబర్ 23

చన్నప్ప ఫోను పట్టుకుని వచ్చాడు, ఎప్పటిలాగే. "చూసినవా, మనోడు మల్ల టీవీల వచ్చిండు!"

అదే గోడ, అదే బొమ్మ. సంగమేశ్వర్ నిదానంగా చెబుతున్నాడు. 'కందుల తల్లి' తన కల కాదట. ఇన్నాళ్లు కల అని చెప్పుకున్నందుకు సిగ్గుపడుతున్నాడట. సరిహద్దు ఊళ్లలో తిరిగే కన్నడ నాటకం కంపెనీల పరదాల మీద ఉండేదట ఆ బొమ్మ, పేరు తెలియని ఏ పరదా కళాకారుడో వేశాడట. ఇకనుంచి బొమ్మ కింద అదే రాయిస్తాడట. పక్కనున్నావిడ అతని నిజాయితీకి చేతులు జోడించింది.

భయం పుట్టించానని మురిసిపోయాను. వాడు భయానికంటే ముందు లేచి మైకు అందుకున్నాడు. ఇంక వాడు వెనక వరస వైపు చూడక్కర్లేదు.

"శివగంగా, నిజంగ నాగల్‌గిద్ద జాతరల గసొంటి పరదాలు ఉంటుండెనా? నేను జూడలె," అన్నాడు చన్నప్ప.

"ఉంటుండె," అన్నాను.

ఇంకేమంటాను? ఇప్పుడు నేను బస్టాండులో నిలబడి అది మా అమ్మ అని అరిచినా ఎవరు నమ్ముతారు? పరదా అన్నది నేనే. వాడు అమ్మను ఎత్తుకుపోయినా అమ్మ అమ్మలానే ఉండేది, ఎవరో ఒకరి కలలోనైనా ఉండేది. అమ్మను పరదా గుడ్డ చేసింది నేను.

నాకు కోపం ఉంది. ఎవరి మీదో రాయను.

డిసెంబర్ 24

బోరంచ పోయాను, రుక్కమ్మ ఇంటికి. కొత్త ఫ్లెక్సీ తీసుకుపోయాను. వద్దంది, మేకల కొట్టానికి పనికొస్తుందని చివరికి తీసుకుంది. మల్లప్ప ముందుగదిలో గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నాలుగు చేతుల మీదా బంతిపూలు. సంతకం ఉన్నచోట రుక్కమ్మ పసుపు రాసిన పీట పెట్టి దీపం పెట్టింది, సంతకం కనబడదు.

"నీకెట్ల ధైర్యమొచ్చింది అవ్వా, అంతమందిల అడగనీకి?"

"ధైర్యమేంది బిడ్డా? నాది నేనడిగిన," అంది. అన్నం తినిపొమ్మంది. తినకుండా వచ్చేశాను.

డిసెంబర్ 26

పొద్దున్నే లేచి అటక మీది నుంచి అమ్మ చెంబు దించాను. చింతపండు పెట్టి తోమాను. నీళ్లు పట్టి పెరట్లోకి పోయాను. మాకు దానిమ్మ చెట్టు లేదు, కరివేపాకు ఉంది.

చెప్పాను. మొదట తెలుగులో మొదలుపెట్టి, ఆగి, కన్నడంలో చెప్పాను. కాంటా అని, ముల్లు కదల్లేదని, కందులు పైకి పోయాయని. ముఖం ఉండాల్సిన చోట చెంబు ఎందుకుందో చెప్పాను, అది ఖాళీ చెంబు కాదని, అమ్మ రోజూ నీతో మాట్లాడిన చెంబేనని. నేను పరదా అన్నది అబద్ధమని చెప్పాను.

చివరి ముక్క ఒకటి ఉంది. బస్సులో ఏడుపు ఎక్కువై అక్కడ ఆగిపోయాను, సంగమేశ్వర్‌కు చెప్పనేలేదు. బొమ్మలో లేదు, పరదా మీదా లేదు. కలలో అమ్మ ఆ చెంబులోంచి నన్ను ఒక మాట అడిగింది, రోజూ బడి నుంచి రాగానే అడిగినట్టే. "ఊట ఆయ్తా?" తిన్నావా అని.

అది కూడా నీళ్లకు చెప్పాను.

బస్వరాజ్ గుమ్మంలో నిలబడి ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో. "ఎవలతోని మాట్లాడుతున్నవ్ శివా?" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

ఆయనకు తర్వాత చెబుతాను. ముందు అమ్మకు చెప్పాల్సింది ఉంది. ఇంకా తినలేదమ్మా అని, నీళ్లు కరివేపాకు మొదట్లో పోశాను.